జట్టులో మనవా రెందరు?

ప్రవాసాంధ్ర కుటుంబములలో పుట్టిన పిల్లలను జీవితమంతయు వెంటాడు ప్రశ్న యొకటి కలదు: "మీ సొంతవూ రేది?" బళ్ళారివారమగు మాకు దీనికి సూటియగు సమాధాన మెన్నడును దొరకలేదు. మా తాతగారు మదరాసు రాజధానిలో జన్మించిరి. మా తండ్రిగారు అదే యింట పెరిగి, 1953 అక్టోబరు 1వ తేదీన గడప దాటకుండగనే మైసూరు రాష్ట్రవాసులైరి. మేము కర్ణాటకమువారముగా పెరిగితిమి. ఇల్లొకటే, వాకిటి వేపచెట్టొకటే. మారినది పటములోని గీత మాత్రమే. బరంపురములోని మన సోదరుల యనుభవము ఇంకను వింతయైనది. వారు 1936 మార్చి 31వ తేదీ రాత్రి మదరాసువారుగా పరుండి, తెల్లవారుసరికి ఒరిస్సావారుగా లేచిరి.

ఈ సొంతవూరి ప్రశ్న రేషను కార్డులకును, కళాశాల ప్రవేశములకును మాత్రమే పరిమితమైనది కాదు. ఫుట్‌బాలు మైదానములోనికి కూడ అది మన వెంట వచ్చుచున్నది. దేశపు జట్టు ప్రకటింపబడిన మరునాడు పత్రిక తెరచి, ఆటగాండ్ర పేర్ల ప్రక్కనున్న రాష్ట్రముల పేర్లను వ్రేళ్ళపై లెక్కించుట ఒకనాడు మన దేశమున క్రీడాభిమానుల కొక అలవాటు. బెంగాలునకు ఎన్ని? హైదరాబాదునకు ఎన్ని? బొంబాయికి అన్యాయము జరిగెనా? మైసూరును మరచిరా? బంతిని ఎవడు బాగుగా తన్నునన్న ప్రశ్న ఆ లెక్క ముగిసిన తరువాత గాని వచ్చెడిది కాదు. ప్రాంతమునకు ప్రాతినిధ్యము ముఖ్యమా, ప్రతిభ ముఖ్యమా యన్న యీ తగవునకు వెనుకనున్న చరిత్రను కొంత నెమరువేయుదము. మనవంటి వారికి ఇందులో పట్టింపు ఎక్కువ. ఏలయన, రాష్ట్రమువారీగా పంచు పంపకములో మొదట జారిపోవునది రెండు రాష్ట్రముల నడుమ నిలిచినవాడే.

ఈ తగవునకు బీజము ఆటలో లేదు, పాలనలో నున్నది. 1893లో కలకత్తాలో ఫుట్‌బాలు సంఘ మొకటి యేర్పడెను. దాని పేరు ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. పేరు యావద్భారతమునకు సంబంధించినది, ఊరు కలకత్తా, పెత్తనము బెంగాలుది. ఆట అక్కడనే ముందుగా వేళ్ళూనినందున చాలకాలము ఎవరును దానిని ప్రశ్నింపలేదు. తక్కిన రాష్ట్రములలో ఆట బలపడిన కొలదియు ఈ పెద్దరికము కంటకమైనది. కడకు 1937లో సిమ్లాలో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏర్పడెను. కలకత్తా సంఘము తన ఘనమైన పేరును అట్లే యుంచుకొని, బెంగాలు పక్షమున అందొక సభ్యురాలయ్యెను. 1941లో రాష్ట్రముల నడుమ సంతోష్ ట్రోఫీ పోటీలు ఆరంభమయ్యెను. తొలి విజయము బెంగాలుదే. ఈ ట్రోఫీని సంతోషమునకు గుర్తుగా భావించువారు కలరు గాని, సంతోష్ అనునది తూర్పు బెంగాలులోని యొక జమీను. ఆ జమీనుదారు పేరున వెలసినదే యీ ట్రోఫీ.

రాష్ట్ర సంఘముల వోట్లతో నిలిచిన సంస్థలో జట్టును ఎంపిక చేయువారు రాష్ట్రములను మరచుట ఎట్లు? వోటు వేసినవాడు తనవాని పేరు జాబితాలో కలదో లేదో చూచుకొనును. ఇది దుర్మార్గమని మేము అనము. ఏ రైలుకును అందని దూరపు జిల్లాలోని బాలుని గూర్చి మాట్లాడుటకు ఒక నోరుండవలెను గదా. అయితే ఆ నోరు బాలుని కొరకు మాట్లాడుచున్నదా, తన పీఠము కొరకు మాట్లాడుచున్నదా యన్నదే చిక్కు.

స్వతంత్ర భారతము తొలిసారి ఒలింపిక్ క్రీడలలో ఫుట్‌బాలు ఆడినది 1948లో, లండనులో. జూలై 31వ తేదీన ఫ్రాన్సుతో పోటీ. మనవారిలో పలువురు బూట్లు లేక ఉత్తపాదములతో ఆడిరి. రెండు పెనాల్టీలు లభింపగా రెంటిని వ్యర్థము చేసికొని, 1–2 గోళ్ళతో ఓడిరి. మన పక్షమున ఆ యొక్క గోలు చేసినవాడు మైసూరు ఆటగాడగు సారంగపాణి రామన్. ఆ బృందములో బెంగుళూరి ఆటగాండ్రు పెక్కురుండిరి: గోల్‌కీపరు వరదరాజు, బషీరు, వజ్రవేలు, కలకత్తాలో పేరు మోసిన అహమ్మదు ఖాను. మైసూరు సంస్థానపు లెక్కలో చేరిన యీ పేర్లను ఒకమారు పైకి చదివి చూడుడు. కంటోన్మెంటు వీధులలో తమిళము, తెలుగు, ఉర్దూ, కన్నడము కలిసి పారిన చోట పెరిగిన ఆట యది. పేరును బట్టి మాతృభాషను నిర్ణయించుట సాహసమే కనుక మే మా పనికి పూనుకొనము. కాని మైసూరునకు ప్రాతినిధ్య మన్నపుడు అది ఏ యొక్క భాషకును ప్రాతినిధ్యము కాలేదన్నది స్పష్టము.

యానాములోని చదువరులు ఇచ్చట నవ్వుకొందురేమో. 1948 జూలైలో యానాము ఇంకను ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండెను. ఆనాడు అచ్చటి తెలుగు బిడ్డ ఏ జట్టు గెలువవలెనని కోరెనో, పాలకులు విధించిన జవాబు వేరు, వాని హృదయము చెప్పిన జవాబు వేరు.

ఆ లండను జట్టునకు నాయకుడు తలిమెరెన్ ఆవో. నాగా కొండలలో పుట్టినవాడు. వైద్యము చదువుటకు కలకత్తా వచ్చి, మోహన్ బగాన్ క్లబ్బులో ఆడి, అక్కడనుండి దేశపు జట్టు నాయకత్వమునకు ఎదిగెను. ప్రాతినిధ్య వాదమునకును, ప్రతిభా వాదమునకును ఆయన జీవితము సాక్ష్యము చెప్పుచున్నది. నాగా కొండలకు ఒక స్థాన మీయవలెనని ఎవరును ఆయనను నాయకుని చేయలేదు. ఆటను చూచి చేసిరి. సరియే. కాని ఆయన కలకత్తాలో వైద్యము చదువకపోయి యుండినచో ఆ యాటను చూచువా రెవరు? ఆ కొండలలో ఆయన వంటి వారు మరెందరు చూడబడక మిగిలిరో ఏ జాబితాయు చెప్పజాలదు. ప్రతిభ యొక్కటే చాలునని గట్టిగా వాదించువారిని మేము ఈ యొక్క ప్రశ్న యడుగుచుందుము.

ఇక హైదరాబాదు. ఇచ్చట కొంతసేపు ఆగక తప్పదు.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో 1909లో పుట్టి, ఉపాధ్యాయ వృత్తి చేసిన వ్యక్తి. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు చిరకాలము కార్యదర్శి. బడిపంతులు పాఠము చెప్పు పద్ధతినే ఆయన మైదానములోనికి తెచ్చెను. బంతిని కాళ్ళ వద్ద త్రిప్పుకొనుచు ఒంటరిగా పరుగెత్తుట నిషేధించిన పోటీలు నడపెను. వాటములేని కాలితోనే బంతిని తన్నవలెనను పోటీలు నడపెను. చూచువారికి ఇవి పిల్లల చేష్టలుగా తోచి యుండవచ్చును. వాని ఫలము హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఆ జట్టు 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండు కప్పును గెలిచెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచెను. కామాఠిపురనుండి కూపరేజి మైదానము పెద్ద దూరము కాదు. బొంబాయిలోని మన పాత కుటుంబములలో ఆ యాటలను గూర్చి తాతలు చెప్పిన కథలు ఇప్పటికిని మిగిలియుండవలెను. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లోను, 1957–58లోను వెంటవెంటనే గెలిచెను. ఈ లోపల 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమే లేకుండ పోయెను. రాయచూరు, గుల్బర్గా, బీదరు ఒక వైపునకును, ఔరంగాబాదు, నాందేడు మరియొక వైపునకును పోగా, తెలంగాణము ఆంధ్రప్రదేశములో చేరెను. లేని రాష్ట్రము పేరుతో జట్టు ఆడి గెలిచెను! రాష్ట్రములు మారినంత వేగముగా ఆటగాండ్రు మారరని దీనిని బట్టి తెలియును.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. ఇరానుపై ఫైనలులో సాహూ మేవాలాల్ ఒక్క గోలు చేసెను. 1952లో హెల్సింకీలో యుగొస్లావియా చేతిలో 1–10 పరాభవము కలిగెను. ఉత్తపాదముల ఆటకు అంతటితో స్వస్తి. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోళ్ళతో ఓడించెను. నెవిల్ డిసూజా మూడు గోళ్ళు చేసెను. తరువాత యుగొస్లావియాకును, బల్గేరియాకును ఓడి నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు చాలమంది యుండిరి. అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను, బలరాం మొదలగువారు.

ఇంతమంది ఒకే ఊరివారైనపుడు "రహీం తనవారినే చేర్చుకొనెను" అన్న మాట పుట్టుట సహజమే. దీనిని మేము రెండు వైపులనుండి ఆలోచించితిమి. ఏడాది పొడుగునను కలిసి యాడువారికి ఒకరి యడుగు ఒకరికి తెలియును. బంతి అందుకొనకముందే దాని నెవరికి పంపవలెనో తెలియును. రాష్ట్రమునకు ఇద్దరేసి చొప్పున ఏరి తెచ్చిన పదకొండుగురికి ఈ యెరుక రెండు వారముల శిబిరములో రాదు. కనుక జట్టు ప్రతిభ యనునది పదకొండుగురి విడివిడి ప్రతిభల మొత్తము కాదు. ఇది రహీం పక్షము. ఇందులో న్యాయము కలదు. కాని శిక్షకుని కన్ను తా నెరిగిన దానినే మొదట చూచుననుట కూడ సత్యమే. రహీం కాదు, ఎవరైనను అంతే.

దీనికి సమాధానమును రహీం మాటలలో కాక ఆయన చేసిన పనిలో వెదకవలెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన బృందములో ఆయన కుమారుడు హకీము కూడ నుండెను. హంగరీతోను, ఫ్రాన్సుతోను, పెరూతోను జరిగిన మూడు ఆటలలో ఒక్కదానిలోను అతనికి ఆడు నవకాశము దొరకలేదు. 1962 నాటికి రహీం జట్టు రూపమే మారిపోయెను. జకార్తాలో సెప్టెంబరు 4వ తేదీన, మనవారిపై మండిపడుచున్న ప్రేక్షకుల నడుమ, దక్షిణ కొరియాను 2–1 గోళ్ళతో ఓడించి స్వర్ణము తెచ్చిన ఆ పదకొండుగురిని చూడుడు. నాయకుడు చునీ గోస్వామి, ప్రశాంత సిన్హా, అరుణ్ ఘోష్ బెంగాలువారు, జర్నైల్ సింగు పంజాబీ, చంద్రశేఖరన్ కేరళీయుడు, ఫ్రాంకో గోవావాడు, బొంబాయిలో ఎదిగినవాడు, యూసుఫ్ ఖాను హైదరాబాదీ. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగును వెనుక వరుసనుండి ముందునకు తెచ్చి నిలిపినది రహీమే. పి.కె. బెనర్జీ యొక గోలు, జర్నైల్ మరియొక గోలు చేసిరి. భారత ఫుట్‌బాలునకు ఆసియా క్రీడలలో అదియే కడపటి స్వర్ణము. క్యాన్సరు వ్యాధితో రహీం 1963 జూన్ 11వ తేదీన మరణించెను.

ఆ జట్టును రాష్ట్రముల పట్టికగా వ్రాసి చూపినచో "అందరికిని చోటు దొరకినది" యని సంతోషింపవచ్చును. కాని అది పంపకము వలన వచ్చినది కాదు. ఏరుట వలన వచ్చినది. పైగా ఆ పట్టిక వ్రాయబూనినవాడు మూడు పేర్ల వద్ద ఆగిపోవును.

మొదటి పేరు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు దాపున అమ్ముగూడలో 1936లో తమిళ కుటుంబమున పుట్టినవాడు. పేదవాడు. అంత దూరమునుండి సాధనకు వచ్చుటకు సైకిలు అద్దె డబ్బులు రహీం ఇచ్చెడివాడని బలరాం స్వయముగా చెప్పుకొనియుండెను. హైదరాబాదు పక్షమున సంతోష్ ట్రోఫీ ఆడి, కలకత్తా పోయి ఈస్టు బెంగాలు క్లబ్బున చేరి, అచ్చటనే నిలిచిపోయెను. రోములో హంగరీపై మన గోలు ఆయనదే. పెరూపై గోలు కూడ ఆయనదే. ఈయన తమిళుడా, ఆంధ్రుడా, బెంగాలీయా? రెండవ పేరు పీటర్ తంగరాజ్. హైదరాబాదులో పుట్టి, మదరాసు రెజిమెంటులో చేరి, సైనిక జట్టునకు గోలు కాచి, పిదప కలకత్తా క్లబ్బులకు ఆడినవాడు. మూడవ పేరే మిక్కిలి చిత్రము. పి.కె. బెనర్జీ యనగనే బెంగాలు అందురు. జల్పాయిగురిలో పుట్టినను ఆయన పెరిగినది జంషెడ్‌పూరులో. అప్పటికి అది బీహారు. ఇంకను బాలుడుగ నున్నపుడే బీహారు పక్షమున సంతోష్ ట్రోఫీ ఆడెను. బీహారులో స్థిరపడిన బెంగాలీ కుటుంబపు బిడ్డను బీహారు తనవానిగా ఎంచి నిలిపినది. "నీ సొంతవూ రేది?" అని నాడెవరైన వెనుకకు నెట్టి యుండినచో, దేశ మెంత కోల్పోయెడిది!

ఇచ్చట మనవారిని కూడ ఒక మాట యడుగవలసి యున్నది. హైదరాబాదు విజయములను తెలుగువారి విజయములుగా మన సభలలో చాటుకొనుట పరిపాటి. అజీజుద్దీను, నూర్ మహమ్మదు, రహీంగార్ల యింటిమాట ఉర్దూ; బలరాం యింటివారు తమిళులు. వారిని మనవారని అక్కున చేర్చుకొనుట మంచిదే. కాని అదే నోటితో, కర్ణాటక జట్టులోనో, ఒడిశా జట్టులోనో ఆడుచున్న తెలుగు బిడ్డను "వారి జట్టు, మనకేమి?" యని విడిచిపెట్టుట ఏ లెక్క?

మా మేనల్లుడొకడు ఈ లెక్కలో నలిగినవాడు. పదునైదేండ్ల క్రిందట బళ్ళారిలో వాని ఆట చూచి అందరును మెచ్చుకొనెడివారు. రాష్ట్ర స్థాయి ఎంపికకు పోగా, అచ్చటి బల్ల వెనుక కూర్చున్న యొకాయన వాని యింటిపేరును, తల్లి పుట్టినిల్లును విచారించి, "మీరు ఆంధ్రావారు గదా, అక్కడ ప్రయత్నింపరాదా?" యనెను. వాడు అనంతపురములోని అమ్మమ్మ యింటికి పోయి అక్కడ ప్రయత్నించెను. "నీ చదువంతయు కర్ణాటకములో నున్నది, నీవు మా లెక్కలోనికి రావు" అనిరి. రెండు చోట్లను వాని ఆటను ఎవరును చూడలేదు. వాడు దేశపు జట్టులో ఆడెడివాడని మేము గొప్పలు చెప్పము, ఆడెడివాడు కాడేమో. కాని బంతిని తాకకముందే తీర్పు వచ్చుట మాత్రము నేటికిని మా మనస్సులో ముల్లుగనే యున్నది.

నేడు కాలము కొంత మారినది. జట్టును ఏరుట శిక్షకుని పనియైనది. క్లబ్బులు తమ సొమ్ము పోసి బాలురను వెదకుకొనుచున్నవి. ఆ క్లబ్బులు గెలుపునకు గాని, రాష్ట్రముల లెక్కకు వెల కట్టవు. దాని ఫలితమును 2017లో మన దేశమున జరిగిన పదునేడేండ్లలోపు బాలుర ప్రపంచకప్పులో చూచితిమి. ఇరువదియొక్కరు గల మన జట్టులో ఎనమండుగురు మణిపురమువారు. 2011 జనాభా లెక్కలో ముప్పది లక్షలకు లోపు జనులున్న రాష్ట్రమది! ఆ పోటీలలో భారతమునకు దక్కిన ఏకైక గోలును కొలంబియాపై చేసిన జీక్సన్ సింగు కూడ ఆ రాష్ట్రమువాడే. వంతులవారీగా పంచియుండినచో మణిపురమునకు ఒక్కటియో, రెండో దక్కెడివి. ఇది చూచి పెద్ద రాష్ట్రములు నొచ్చుకొనలేదు. బహుశః సిగ్గుపడి యుండవచ్చును.

పాలనలో మాత్రము పాత వోట్లు అట్లే నిలిచినవి. 2022లో ఫెడరేషన్ అధ్యక్ష పదవికి, దేశపు జట్టునకు చిరకాలము నాయకుడై వెలసిన సిక్కిం ఆటగాడు బైచుంగ్ భూటియా పోటీచేయగా, ఆయనకు పడినది ఒకే ఒక్క వోటు. ఎదుటి పక్షమునకు ముప్పదిమూడు. ఆట చూచి వేసిన వోట్లు కావవి. గెలిచిన వ్యక్తియు పూర్వము గోల్‌కీపరే యగుట వేరు సంగతి.

మా యభిప్రాయము దాచనేల? పదకొండుగురిని ఏరునపుడు పటమును మడిచి ప్రక్కన బెట్టవలెను. ఆ పదకొండుగురిని వెదకుచు తిరుగునపుడు మాత్రము పటమును విప్పి, అందులో ఏ మూలయు విడువరాదు. మన దేశమున తరచు దీనికి తలక్రిందుగా జరిగెను. వెదకుటకు కలకత్తా, బొంబాయి, హైదరాబాదు, బెంగుళూరు చాలుననుకొనిరి. ఏరునపుడు మాత్రము ప్రతి రాష్ట్రమును జ్ఞప్తికి తెచ్చుకొనిరి. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ నేడు భారత మహిళా జట్టున ముందు వరుసలో ఆడుచున్నది. క్రొయేషియా దేశపు క్లబ్బుకు కూడ ఆడి వచ్చినది. తండా వరకు నడిచి వెళ్ళి చూచిన కన్ను ఒకటి యుండుట వలననే గదా ఆమె మనకు దక్కినది.

మా మేనల్లుడు నేడు బళ్ళారిలో ఉద్యోగము చేయుచు, సాయంకాలములందు పిల్లలకు ఆట నేర్పుచున్నాడు. నిరుడు వాని పిల్లలలో ఇద్దరు జిల్లా జట్టునకు ఎంపికైరి. ఒకడు కన్నడిగుడు, ఇంకొకడు ఉర్దూ మాటలాడు నింటివాడు. సంక్రాంతి పండుగకు యింటికి వచ్చినపుడు, "మన తెలుగు పిల్లలు లేరేమిరా?" అని అడిగితిమి. "మొదట ఆరుగురు వచ్చిరి మామయ్యా. తొమ్మిదవ తరగతి రాగానే వారి నాన్నలు వచ్చి, ట్యూషను వేళయైనదని తీసికొనిపోయిరి" అనెను.